పల్లివెన్న కొనేముందు



పుష్య, మాఘ మాసాలలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మార్కెట్ యార్డులకు వెళ్లినవారికి ఒక దృశ్యం పరిచితమే. యాసంగి పల్లికాయ కుప్పలు కుప్పలుగా పోసి ఉంటుంది. కొనవచ్చిన వ్యాపారి కుప్ప పైభాగం చూచి తృప్తిపడడు. మోచేతివరకు చేయి లోపలికి పోనిచ్చి, అడుగునుండి గుప్పెడు కాయ తీస్తాడు. చెవిదగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలలాడితే కాయ ఆరినదని అర్థం. బొటనవ్రేలితో నొక్కి పగులగొడతాడు. పప్పు నిండుగా ఉన్నదా, ముడుతలు పడినదా అని పరిశీలిస్తాడు. చివరకు ఒక గింజ నోట వేసికొని నములుతాడు. కన్ను, చెవి, వ్రేలు, నాలుక అనే నలుగురు సాక్షులూ పలికిన తరువాతనే ధర మాట ఎత్తుతాడు.

అదే పల్లి వేయించబడి, నూరబడి, సీసాలోకి ఎక్కి, పైన అందమైన బొమ్మ తగిలించుకొని, మరల అదే ఊరి దుకాణానికి వచ్చినప్పుడు మనము చేస్తున్నదేమిటి? బొమ్మ చూచి కొంటున్నాము. సీసాలో ఉన్న ముద్దను చెవిదగ్గర ఆడించి లాభం లేదు. వ్రేలితో నొక్కి చూడనివ్వరు. రుచి చూడనివ్వరు. నూరిన తరువాత గింజకు ముఖం ఉండదు. నిండుగింజ, నొక్కుగింజ, బూజుపట్టిన గింజ, అన్నీ ఒకే రంగు ముద్దగా మారిపోతాయి. కనుక పల్లివెన్న కొనేవారు గింజ కొనేవారికంటె ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉన్నది. ఆ జాగ్రత్త ఎట్లా పడవలెనో చెప్పటమే నేటి నా ప్రసంగ విషయం.

ముందుగా పేరును గురించి ఒక్క మాట. సర్కారు జిల్లాలవారు వేరుసెనగ అంటారు. రాయలసీమలో సెనక్కాయ అంటారు. మన వైపు పల్లి అంటాము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ పల్లెలలో బుడ్డలు అని కూడ వినిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలకు కేంద్రాలైనవి. అంతకుముందు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. జనం నోట నేటికీ ఈ సీమ అంతా పాలమూరే. ఇక్కడి ఎర్రనేలలకు, ఇసుకపాలు కలిసిన చెలకలకు పల్లి ఇష్టమైన పంట. పూత పూచిన తరువాత ఊడలు నేలలోకి దిగి అక్కడ కాయ కాచే పైరు ఇది. నేల గుల్లగా ఉంటేనే ఊడ దిగుతుంది, కాయ నిండుతుంది, పీకేటప్పుడు తెగిపోకుండా పైకి వస్తుంది. దుకాణాలవారు దీనిని బాదం, జీడిపప్పుల ప్రక్కన పెట్టినా, నిజానికి ఇది కంది, పెసరల కులంలోనిది. చెట్టున కాచిన పప్పు కాదు, మట్టిలో కాచిన పప్పు. మట్టిలో కాచినది కనుకనే దానికి మట్టివల్ల వచ్చే ఒక ఆపద కూడ ఉన్నది. దానిని గురించి తరువాత మనవి చేస్తాను.

వనపర్తిలో మా బంధువుల ఇంట జరిగిన ఒక చిన్న సంభాషణ ఇక్కడ చెప్పక తప్పదు. హైదరాబాదులో చదువుకొంటున్న మనుమడు సెలవులకు వస్తూ ఒక సీసా తెచ్చాడు. ఇంటి పెద్దావిడ దానిని చేతిలోకి తీసికొని, "ఏందిరా నాయనా ఇది?" అని అడిగింది.

"పీనట్ బటర్ అవ్వా. రొట్టెకు పూసుకొని తింటరు. బలానికి మంచిది."

అవ్వ మూత తీసి వాసన చూచింది. వ్రేలికొసతో ఇంత నాలుకకు రాసుకొన్నది. "ఇది పల్లిముద్దనే కదరా! మరి గింత తియ్యగెందుకున్నది? ఇందుల ఇంకేమేమి కలిపిండ్రు?"

మనుమడు సమాధానం చెప్పలేకపోయాడు. సీసాను త్రిప్పి వెనుకవైపు సన్నటి అక్షరాలు చదివితే, పల్లీల తరువాత పంచదార, దాని తరువాత హైడ్రోజనేటెడ్ వృక్షతైలం, ఉప్పు, ఎమల్సిఫయర్ 471 అని వరుసగా కనిపించాయి. చదువురాని అవ్వ నాలుకతో చదివినదానిని, చదువుకొన్న మనుమడు కంటితో చదవలేదు. "ఇందులో ఇంకేమేమి కలిపారు?" అన్న ప్రశ్న ఒక్కటి మనకు అలవాటైతే ఈ విషయంలో సగం వివేకం కలిగినట్లే.

అసలు పల్లివెన్న అనగా ఏమిటి? వెన్న అన్న పేరేకాని ఇందులో పాలు లేవు, మీగడ లేదు. వేయించిన పల్లీలను పొట్టు తీసి, వాటి నూనె వాటినుండే బయటికి వచ్చేవరకు మెత్తగా నూరితే వచ్చే ముద్దయే ఇది. హాలండు దేశంలో వెన్న అన్న పేరు పాలవెన్నకే చెల్లవలెనని చట్టం ఉండినందున, అక్కడివారు దీనికి "పల్లి జున్ను" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. 1884లో కెనడా దేశీయుడు మార్సెలస్ గిల్‌మోర్ ఎడ్సన్ వేయించిన పల్లీలను ముద్దగా నూరే పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందాడు. తరువాతి దశాబ్దంలో జాన్ హార్వే కెల్లాగ్ అనే వైద్యుడు మిషిగన్ రాష్ట్రంలోని తన ఆరోగ్యశాలలో మాంసం మాన్పించిన రోగులకు ఇటువంటి ముద్దను ఆహారంగా ఇచ్చాడు. మన ఇండ్లలోనైతే రోలు, బండ ఉన్నంతకాలం పల్లీలు నూరటం క్రొత్త కాదు. జొన్నరొట్టెకు పల్లికారం, ఉప్పుడు పిండికి పల్లిచట్నీ, బెల్లంతో పల్లిపట్టి మనకు ఎరుకే. ముద్ద మనకు పాతది, సీసా క్రొత్తది.

సీసాలోకి ఎక్కగానే దానికి ఒక చిక్కు వచ్చినది. నూరిన పల్లిముద్దను కదలక ఉంచితే కొన్ని దినాలలో నూనె పైకి తేలి, పిండి అడుగున గట్టిపడుతుంది. ఇది దోషం కాదు, పల్లి స్వభావం. కాని దుకాణంలో నూనె తేలిన సీసాను చూచి కొనేవారు పాతదనుకొని ప్రక్కన పెట్టసాగారు. 1920ల తొలినాళ్లలో అమెరికాలో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ అనే ఆయన దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. నూనెకు హైడ్రోజను పట్టించి గట్టిపరచిన కొవ్వును కలిపితే ముద్ద విడిపోకుండా నిలుస్తుంది. మన వనస్పతి తయారయ్యే మార్గమే అది. ఆనాటినుండి పల్లివెన్న రెండు దారులు పట్టినది: నూనె తేలే వెన్న ఒకటి, తేలని వెన్న ఒకటి. అటుపిమ్మట తీపి కోసం పంచదార, లాభం కోసం చౌకనూనె చేరినవి. ఎంత పల్లి ఉంటే దానిని పల్లివెన్న అనవచ్చునన్న విషయంపై అమెరికాలో తయారీదారులకు, ప్రభుత్వానికి పదేండ్లకు పైగా వాదోపవాదాలు జరిగి, చివరకు 1970ల తొలినాళ్లలో నూటికి తొంబది పాళ్లు పల్లి ఉండితీరవలెనని నిబంధన స్థిరపడినది. తక్కిన పది పాళ్ల కోసం అంత పోరు జరిగినదంటే, ఆ పది పాళ్లలో ఎంత వ్యాపారం ఉన్నదో ఊహించవచ్చును.

ఇక కొనే పద్ధతికి వద్దాము. సీసా ముందువైపు వ్రాసినది అమ్మేవాని మాట. వెనుకవైపు వ్రాసినది చట్టం అతనిచేత చెప్పించిన మాట. కనుక ముందుగా వెనుకకు త్రిప్పండి.

మొదట చూడవలసినది పదార్థాల వరుస. మన దేశపు నియమం ప్రకారం ఏది ఎక్కువ బరువున్నదో దానిని మొదట వ్రాయవలెను. తక్కినవి బరువు తగ్గే క్రమంలో రావలెను. మంచి పల్లివెన్నకు ఈ వరుస చాలా పొట్టిది. వేయించిన పల్లీలు, అంతే. ఉప్పు ఉంటే తప్పులేదు. పంచదార రెండవ స్థానంలో ఉంటే అది మిఠాయి అని తెలిసికొని కొనండి. మిఠాయి తినరాదని కాదు. మిఠాయికి మందు ధర పెట్టరాదని.

రెండవది నూనె మాట. వరుసలో హైడ్రోజనేటెడ్ తైలమో, పామాయిలో కనిపిస్తే అది నూనె తేలకుండా చేసిన ఏర్పాటు. అరకొరగా హైడ్రోజను పట్టించిన నూనెలలో ట్రాన్స్ కొవ్వు ఏర్పడుతుంది; అది గుండెకు హానికరం. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలలోను, నూనె చేర్చి చేసే ఆహారాలలోను కొవ్వులో ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు పాళ్లు మించరాదని నియమం అమలులోకి వచ్చినది. పూర్తిగా హైడ్రోజను పట్టించిన కొవ్వులో ట్రాన్స్ దాదాపు ఉండదు కాని, గట్టికొవ్వు మాత్రం ఉంటుంది. నూటికి దాదాపు సగం తన సొంత నూనెయే ఉన్న గింజకు పైనుండి మరొక కొవ్వు చేర్చటం ఎవరి సౌకర్యానికి? దుకాణపు అరలో అందంగా కనిపించటానికి. నూనె తేలిన సీసాను చూచి ఇకమీదట ముఖం త్రిప్పుకోకండి. పొడి చెంచాతో అడుగుదాకా కలిపితే అది మరల ఒకటవుతుంది.

మూడవది పోషణ పట్టిక. అందులో మొత్తం చక్కెర ఎంత, చేర్చిన చక్కెర ఎంత అని వేరువేరుగా వ్రాయవలసి ఉన్నది. నూరు గ్రాములకు చేర్చిన చక్కెర ఇరవై గ్రాములని ఉంటే, ఆ సీసాలో అయిదవ వంతు చక్కెరయే. పల్లి ధరకు చక్కెరను కొంటున్నారన్నమాట.

నాల్గవది ముందువైపున పెద్ద అక్షరాలతో ఉండే గొప్పలు. "కొలెస్టరాలు లేదు" అని వ్రాస్తారు. పల్లిలో అది ఏనాడు లేదు. మొక్కనుండి వచ్చిన ఏ ఆహారంలోను దాని పాలు లెక్కింపదగినంత ఉండదు. "మాంసకృత్తులు అధికం" అని వ్రాస్తారు. నూరు గ్రాముల పల్లిలో ఇంచుమించు ఇరవై అయిదు గ్రాముల మాంసకృత్తులు సహజంగానే ఉన్నవి. అందుచేత పట్టికలో ఆ సంఖ్య ఇరవై అయిదుకు అటూ ఇటూగా ఉంటే అది పల్లి గొప్ప, తయారీదారు గొప్ప కాదు. ఇరవైకి బాగా దిగువన ఉంటే మాత్రం పల్లి స్థానంలో మరేదో వచ్చి కూర్చున్నదని గ్రహించండి.

ఇక బాదం వెన్న, జీడిపప్పు వెన్న అని మరికొన్ని సీసాలు ఇప్పుడు ప్రక్కప్రక్కనే కనిపిస్తున్నవి. ధర చూస్తే పల్లివెన్నకు ఎన్నో రెట్లు. ధర ఎక్కువ కనుక బలం ఎక్కువని సామాన్యంగా అనుకొంటారు. లెక్క వేరుగా ఉన్నది. మాంసకృత్తులు నూరు గ్రాముల పల్లిలో దాదాపు ఇరవై అయిదు గ్రాములైతే, బాదంలో ఇరవై ఒకటి, జీడిపప్పులో పద్దెనిమిది. బాదంలో సున్నము, ఇ-విటమిను హెచ్చు. ఆ మేరకు దాని విలువ దానికి ఉన్నది. జీడిపప్పులో పిండిపదార్థం హెచ్చు, రుచి మెత్తన. అయినా బిడ్డల బలం కోసమని అప్పుచేసి బాదం వెన్న కొననక్కరలేదు. మన పొలంలోని పప్పు ఆ వరుసలో తలవంచుకొని నిలువవలసినది కాదు. అయితే పల్లి ఒక్కటే సర్వస్వం అని కూడ అనుకోరాదు. దాని మాంసకృత్తులలో కొన్ని అంశాలు తక్కువ. అన్నము, రొట్టె, కంది, పెసర, పాలు పెరుగులతో కలిసినప్పుడే ఆ లోటు తీరుతుంది. రెండు చెంచాల పల్లివెన్నలో సుమారు ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులతోపాటు నూట తొంబది కాలరీలు కూడ ఉన్నవి. కూర్చుండి పనిచేసేవారు సీసాలో చెంచా పెట్టి మరచిపోరాదు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ఆపద మాటకు వస్తాను. 1960లో ఇంగ్లండులో టర్కీ కోడిపిల్లలు లక్షకు పైగా ఉన్నట్టుండి చనిపోయినవి. రోగం ఏదో తెలియక దానికి టర్కీ-ఎక్స్ వ్యాధి అని పేరు పెట్టారు. విచారించగా వాటికి దాణాగా వేసిన, బ్రెజిల్ దేశంనుండి వచ్చిన పల్లిచెక్కలో దోషం ఉన్నట్లు తేలినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చని బూజు పల్లిపై పెరిగి ఒక విషాన్ని విడుస్తుంది. దానికి అఫ్లటాక్సిను అని పేరు. ఇది మెల్లమెల్లగా కాలేయాన్ని చెరచి, పుట్టకురుపుకు కారణం కాగలదని తరువాతి పరిశోధనలవల్ల స్థిరపడినది. దీనికి రంగు, రుచి, వాసన లేవు. వేయిస్తే కొంత తగ్గుతుంది కాని పూర్తిగా పోదు.

ఈ బూజు ఎప్పుడు చేరుతుంది? పైరు చివరి దశలో నీటి ఎద్దడి పడి, నేల వేడెక్కి, కాయ పగిలినప్పుడు చేరుతుంది. పీకేటప్పుడు కాయకు దెబ్బ తగిలితే చేరుతుంది. సరిగా ఆరని కాయను బస్తాలకెత్తి నేలపై పేర్చితే పెరుగుతుంది. మరపై ఒలిచేటప్పుడు పప్పు విరగకుండుటకై కాయపై నీళ్లు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది బూజుకు పిలుపు పంపటమే. చివరి తడి తప్పకుండా పెట్టి, సకాలంలో పీకి, గింజలో తేమ నూటికి ఎనిమిది పాళ్లకు మించకుండా ఎండబెట్టిన యాసంగి పంటకు ఈ భయం చాలవరకు తక్కువ. పాలమూరు యాసంగి పల్లికి ఉన్న మంచి పేరు అట్లా శ్రద్ధగా ఆరబెట్టినంతకాలమే నిలుస్తుంది. ఈ బూజు సమస్యపై పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థలో చాలాకాలంగా కృషి జరుగుతున్నది.

ఇందులో గృహిణులకు తెలియవలసిన గొప్ప విషయం ఒకటి ఉన్నది. ఈ విషం బస్తాలోని గింజలన్నిటికీ సమంగా అంటదు. వేయి గింజలలో ఏ కొన్నిటిలోనో కుప్పగా ఉంటుంది. ఆ గింజలు సాధారణంగా ముడుతలు పడినవి, రంగు మారినవి, పొట్టు ఊడి నల్లబడినవి, పుచ్చినవి, బూజు కనిపించేవి. వాటిని ఏరివేస్తే విషంలో పెద్దభాగం వాటితో పోతుంది. మన అత్తలు, అవ్వలు చేట ముందు పెట్టుకొని, ఏ శాస్త్రమూ చదవకుండానే, చెడుగింజను వ్రేలితో అవతలికి నెట్టుతూ వచ్చిన పని ఇదే. పెద్ద కర్మాగారాలలో యంత్రాలు రంగు చూచి గింజలేరటం కూడ ఆ చేట పనియే. ఏరివేసిన గింజ ఎక్కడికి పోయినదన్నదే ప్రశ్న. మనస్సాక్షి లేని చోట, తక్కువ ధరకు దొరికే ఆ ఏరుడుగింజయే మరల నూరుడుకు చేరే ప్రమాదం ఉన్నది. నూరిన తరువాత ముఖం ఉండదని మొదట మనవి చేసినది ఇందుకే. పప్పు ధరకంటె చౌకగా వెన్న దొరికితే సంతోషించకండి; సందేహించండి.

సందేహం తీరే లెక్క ఒకటి చెబుతాను. కిలో శుభ్రమైన పల్లిపప్పు వేయించి పొట్టు తీస్తే తేమ, పొట్టు పోగా సుమారు తొమ్మిది వందల గ్రాములు మిగులుతుంది. మీ కిరాణా దుకాణంలో కిలో మంచిపప్పు నూరు రూపాయలని ఊరకే అనుకొందాము. అప్పుడు కిలో వెన్నకు పప్పు ఖర్చే నూట పదకొండు రూపాయలవుతుంది. దానిపై నూరటం, సీసా, రవాణా, పన్ను, అంగడి లాభం చేరవలెను. అమ్మే ధర ఆ నూట పదకొండుకు దిగువన ఉన్నదంటే పప్పులో ఏదో లోపం, లేదా పప్పుకు బదులు ఏదో చేరిక. దానికి నాలుగైదు రెట్లున్నదంటే మీరు కొంటున్నది పప్పును కాదు, పేరును. మీ ఊరి నేటి ధరను నూరు స్థానంలో వేసి లెక్క చూచుకోండి. పొట్లాలపై గ్రాముకు ఎంత పడుతుందో అచ్చువేయవలెనన్న నియమం వచ్చినది కనుక చిన్న సీసాను పెద్ద సీసాతో పోల్చటం ఇప్పుడు సులభమే. పదునాలుగు అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, ఎంతకాలం నిలుస్తుందన్న మాట కూడ సీసాపై ఉన్నవో లేవో చూడండి. లేనిదానిని తెలిసినవాడే అమ్మినా కొనకండి.

అన్నిటికంటె నమ్మకమైన వెన్న, గింజ ముఖం చూచి మనము చేసికొన్నదే. పద్ధతి చాలా సులభం. పప్పును చేటలో పోసి ముందుగా చెడుగింజలు ఏరివేయండి. మందపాటి మూకుడులో సన్నని సెగపై, కలియబెడుతూ, దోరగా వేయించండి. మాడితే చేదు వస్తుంది. చల్లారిన తరువాత రెండు చేతులతో నలిపి పొట్టు చెరిగివేయండి. పొట్టు పోయిన తరువాత మరొకసారి చూచి నల్లబడిన బద్దలు తీసివేయండి. పొడిగా ఉన్న మిక్సీ గిన్నెలో వేసి ఆగి ఆగి తిప్పండి. మొదట పొడి అవుతుంది. తరువాత ఉండకట్టి గిన్నె అంచులకు అంటుకొంటుంది. ఇక్కడ చాలమంది తొందరపడి నీళ్లో నూనెయో పోస్తారు. పోయవద్దు. అంచులనుండి చెంచాతో దించి, గిన్నె వేడెక్కితే చల్లారనిచ్చి, మరల తిప్పండి. కొంతసేపటికి గింజలోని నూనె తానే ఊరి ముద్ద జారుడవుతుంది. చిటికెడు ఉప్పు చాలు. నీటిచుక్క తగిలితే త్వరగా చెడుతుంది. బెల్లం ఇష్టమైనవారు తినేటప్పుడు కలుపుకోవటం మేలు. ముందే కలిపితే బెల్లంలోని తేమకు ముద్ద బిగిసిపోతుంది. ఆరిన గాజుసీసాలో పెట్టి, పొడి చెంచానే వాడండి. కొద్దికొద్దిగా చేసికొనటం మంచిది. పాతబడిన నూనె వాసన వచ్చినదంటే, చేసినది ఇంటిలోనైనా అంగడిలోనైనా, పారవేయవలసినదే.

నిలువ మాట వచ్చినది కనుక ఒక క్రొత్త సంగతి. 2020లో గిర్నార్-4, గిర్నార్-5 అనే రెండు పల్లి రకాలు విడుదలైనవి. ఇక్రిశాట్, జునాగఢ్‌లోని పల్లి పరిశోధన సంస్థ కలిసి రూపొందించినవి ఇవి. సాధారణమైన పల్లినూనెలో ఒలియిక్ ఆమ్లం సగానికి అటూ ఇటూగా ఉంటుంది. వీటిలో అది నూటికి ఎనుబది పాళ్ల దాకా ఉన్నది. అందువల్ల నూనె త్వరగా పాతవాసన పట్టదు. పరాయి కొవ్వు కలపకుండానే వెన్న చాలాకాలం నిలుస్తుంది. సీసాపై "హై ఒలియిక్" అన్న మాట కనిపిస్తే దాని అర్థం ఇదే.

పిల్లల విషయంలో రెండు హెచ్చరికలు చెప్పి ముగిస్తాను. నాలుగైదేండ్లలోపు బిడ్డలకు పల్లిగింజలు యథాతథంగా పెట్టరాదు; గొంతుకు అడ్డుపడవచ్చును. చిక్కని ముద్దను కూడ చెంచాడు నోట పెట్టక, పలుచగా రొట్టెకు రాసియో గంజిలో కలిపియో పెట్టవలెను. కొందరి ఒంటికి పల్లి పడదు. తిన్న వెంటనే దద్దురులు, పెదవుల వాపు, ఆయాసం వంటివి కనిపిస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోక తక్షణం వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

శ్రోతలారా, ఇంత చెప్పినది సీసా కొనవద్దనటానికి కాదు. ఉద్యోగాలు చేసే స్త్రీపురుషులకు, వసతిగృహాలలోని విద్యార్థులకు సీసా సదుపాయమే. అయితే కొనేవాని ప్రశ్నకు తగినట్లే అంగడి నడుస్తుంది. "తియ్యనిది ఉన్నదా?" అని అడిగితే చక్కెర వస్తుంది. "చౌకది ఉన్నదా?" అని అడిగితే ఏరుడుగింజ వస్తుంది. "ఒట్టి పల్లితో చేసినది, మంచి గింజతో చేసినది ఉన్నదా?" అని పదిమంది అడిగితే, ఆ మాట అంగడినుండి మరకు, మరనుండి మార్కెట్ యార్డుకు పోయి, కాయను శ్రద్ధగా ఆరబెట్టిన రైతు కుప్పవద్ద రెండు రూపాయలు ఎక్కువగా పలుకుతుంది. చేను ఆరబెట్టినవాడికీ తడిబస్తా ఎత్తినవాడికీ ఒకే ధర దొరికినన్నాళ్లు, ఆరబెట్టమని ఎవరు చెప్పినా అది ఉపన్యాసంగానే మిగిలిపోతుంది.

వనపర్తి అవ్వ ఆ సీసాను మూతపెట్టి మనుమనికి తిరిగి ఇచ్చింది. మరునాడు అతడు హైదరాబాదుకు బయలుదేరేటప్పుడు, కడిగి ఎండబెట్టిన ఒక పచ్చడి సీసాలో తాను ఏరి, వేయించి, నూరిన ముద్ద నింపి చేతికిచ్చింది. "నూనె పైకి తేలుతది, భయపడకు. కలుపుకొని తిను" అని మాత్రం చెప్పింది.